గడి లేని లైను

మా సారు పోయారన్న కబురు నాకు కొళాయి దగ్గర అందింది. మా వీధికి నీళ్లు మూడు రోజులకోసారి వస్తాయి, ఆ పొద్దున నీళ్ల రోజు. బిందె పెట్టి నిలబడి ఉండగా ఫోను మోగింది. సారు భార్యను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. "పాపా, మీ సారు పోయినారు. కాఫీ తాగి కుర్చీలో కూసున్నారు. అంతే," అంది. ఆమె ఏడవలేదు, నేనూ ఏడవలేదు. ఏం మాట్లాడానో గుర్తు లేదు కానీ పక్కింటామె అరుపు మాత్రం గుర్తుంది. "ఏమ్మే, నీళ్లు పారిపోతాండాయి, కండ్లు యాడ పెట్టుకున్యావ్?" అంది. చూస్తే బిందె నిండి, పొర్లి, నీళ్లు కాలువలోకి పోతున్నాయి. అనంతపురంలో నీళ్లు పారబోసేవాళ్లను ఎవరూ ఊరికే వదలరు, చావు కబురు విన్నవాళ్లనైనా సరే.

నా వల్ల నీళ్లు పారిపోవడం అది రెండోసారి. మొదటిసారి సంగతి చెప్పకుండా మా సారు గురించి చెప్పడం కుదరదు. నాకది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెబుతాను.

ఆయన ఇక్కడి పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెప్పేవారు. రిటైరై కొన్నేళ్లయింది. పేపర్లో ఫోటో పడిన మనిషి కాదు, సన్మానాలకు పిలిచినా కడుపులో బాగాలేదని చెప్పి తప్పించుకునే రకం. అలాంటి మనిషి రాసిన ఒక చిన్న కోడు లైబ్రరీ ఎక్కడెక్కడి దేశాల్లోనో రోజూ నడుస్తోంది. ఎన్ని కంప్యూటర్లలో నడుస్తోందో ఆయన ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ఆ లైబ్రరీ చేసే పనేమిటో కంప్యూటర్ తెలియనివాళ్లకు కూడా రెండు ముక్కల్లో చెప్పవచ్చు. మన ఫోనులో నడిచేదైనా, పొలంలో మోటారును నడిపేదైనా, ఏ ప్రోగ్రామునూ ఎవరూ మొత్తం సొంతంగా రాయరు. ఇతరులు రాసిపెట్టిన ముక్కలను తెచ్చుకుని అతికిస్తారు. ఆ ముక్కను ప్యాకేజీ అంటారు. ప్రతి ప్యాకేజీతోనూ ఒక చీటీలాంటి ఫైలు వస్తుంది. దాని పేరేమిటి, ఎన్నో వెర్షన్, ఎవరు రాశారు, ఏ షరతు మీద వాడుకోవచ్చు, నడవాలంటే పక్కన ఇంకేం కావాలి అన్నవి అందులో ఉంటాయి. రాసేవాళ్లు పదిమంది పది రకాలుగా రాస్తారు. ఆ చీటీని చదివి, ఏ లైను దేని గురించో విడదీసి, అడిగిన ప్రోగ్రాముకు అప్పజెప్పడమే మా సారు లైబ్రరీ పని. అంతకు మించి అది ఇంకేమీ చేయదు. "సార్, ఇంత చిన్న పనికి ఇన్నేళ్లా?" అని ఒకసారి అడిగాను. "చదివేది చిన్న పని అని నీకెవురు చెప్పినారు?" అన్నారు.

కాలేజీలో ఆయనకు చీటీ సారు అని పేరు. పెట్టింది మా ముందు బ్యాచ్ వాళ్లు. ఏ పొట్లం చేతికొచ్చినా విప్పక ముందు తిప్పి వెనకవైపు చదవాల్సిందే. బిస్కెట్టు పొట్లం, మాత్రల అట్ట, టీ పొడి ప్యాకెట్టు, ఏదైనా ఒకటే. కాలేజీ ఎదురుగా ఉగ్గాణి బజ్జీ అమ్మే ఆయన కొత్త నూనె ప్యాకెట్టు కత్తిరించబోతే, "ఉండప్పా, ఇట్లా తే," అని కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి చదివేవారు. ఆ అన్న చేత్తో కత్తెర పట్టుకుని నిలబడేవాడు. "సార్, నూనె కాగేలోపల చదువుతావా, రేపు రావల్లనా?" అని ఎకసెక్కాలాడేవాడు. సారు నవ్వి, చివరి అక్షరం దాకా చదివే ఇచ్చేవారు.

నేను మొదటి ఏడు చేరినప్పుడు ఆయన మా క్లాసుకు కంప్యూటర్ గురించి చెప్పనే లేదు. ఒక వేరుశనగ విత్తనాల సంచి తెచ్చి బల్ల మీద పెట్టారు. "ఇందులో ఏముండాదో చెప్పండి," అన్నారు. మావాళ్లు ఒకరి మీద ఒకరు పడి చేతులు పెట్టి, గింజలు కొరికి, రకాల పేర్లు చెప్పారు. సారు అందరూ అయ్యేదాకా ఆగి సంచి తిప్పారు. దాని మీద అంటించిన కాగితంలో గడువు ఎప్పుడో దాటిపోయి ఉంది. "మీరు చెప్పిన రకం నిజమే. కానీ ఇది మొలవదు. విప్పక ముందు చదవండి," అన్నారు. అంతే ఆ రోజు పాఠం. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మాది శింగనమల. మా అమ్మ కూలికి పోయే చేలో ఒక ఏడు విత్తనం మొలవలేదు, వానలు లేక అనుకున్నారు అందరూ. ఆ సంచి మీది కాగితం చదివే మనిషి ఆ చేలో ఒక్కరూ లేరు. ఆ రోజే నేను ఈ మనిషి వెంట పడాలని నిశ్చయించుకున్నాను.

వెంట పడ్డాను కూడా. రెండో ఏడు కల్లా ఆయన లైబ్రరీలో చిన్న చిన్న తప్పులు దిద్దేదాన్ని. ఆయన పద్ధతి ఒకటుండేది. కోడు నేను రాసినా, ఇంకెక్కడో దేశంలో ఉన్నవాళ్లు రాసి పంపినా, కొత్త వెర్షన్ బయటికి పోయేముందు దాని చీటీ మాత్రం తనే రాసేవారు. కాగితం మీద పెన్సిలుతో రాసుకుని, ఒకసారి పైకి చదువుకుని, ఆ తర్వాతే టైపు చేసేవారు. సారు వాళ్లది ధర్మవరం. ఇంట్లో మగ్గం. చీర ఎవరు నేసినా మడత పెట్టాక చీటీ రాసేది మాత్రం ఇంట్లో పెద్ద. ఆ అలవాటు ఆయన్ను కంప్యూటర్ దాకా వదల్లేదు.

ఆ కోడులో నాకు ఒక చోట అర్థమయ్యేది కాదు. చీటీలో లైబ్రరీకి తెలియని లైను ఏదైనా వస్తే, దాన్ని పారేయకుండా అక్షరం మార్చకుండా ఒక మూల దాచి, చివర్లో వాడేవాళ్లకు చూపించేది. ఆ మూల పేరు ఇంగ్లీషు అక్షరాల్లో 'గడిలేనివి'. వేరే దేశాలవాళ్లు ఇదేం మాట అని అడిగేవారు. నేనూ అడిగాను. అప్పుడు చెప్పారు వాళ్ల నాయన సంగతి.

నాయన నేసిన చీరలో ఎక్కడైనా పోగు తెగి అతికించాల్సి వస్తే దాచేవాడు కాదట. చీటీ కింద ఒక లైను రాసేవాడు. 'మూడో మూర కాడ పోగు అతికినాను, అంచు పక్క. ఆడ పిన్ను గుచ్చొద్దు' అని. చీరలు కొనే షాపువాళ్లు ఆ చీటీలు తీసేసి, తమ అచ్చు కాగితంలో మళ్లీ రాసుకునేవాళ్లు. పేరుకు ఒక గడి, రంగుకు ఒక గడి, జరీకి ఒక గడి. ఒక పెళ్లిలో పీటల మీదే చీర అంచు పక్కన చిరిగింది. సరిగ్గా పిన్ను గుచ్చిన చోట. షాపాయన ఇంటికొచ్చి వీధంతా వినేట్టు తిట్టాడు. "రాసినాను కదా సామీ," అన్నాడట నాయన. షాపాయన, "రాస్తే ఏం, నువ్వు రాసినదానికి మా కాగితంలో గడి లేదు," అన్నాడట. మళ్లీ ఆ షాపు నుంచి వాళ్లింటికి పట్టు రాలేదు.

"ఆ మాట నాకు ఈ పొద్దుకూ మతికి ఉండాది పాపా," అన్నారు సారు. "మనకు అర్థం కాలేదంటే అది చెత్త అని కాదు. మనకు అర్థం కాలేదు, అంతే. వాళ్లు ఎవురికోసరమో రాసింటారు. వాళ్లకు చేర్చల్ల."

నేను తలూపాను. తలూపడం తేలిక.

చదువయ్యాక బెంగళూరు కంపెనీ ఒకదానికి ఇక్కడి నుంచే పని చేసే ఉద్యోగం దొరికింది. చేతినిండా పని, నోటినిండా ఇంగ్లీషు, నెత్తినిండా పొగరు. అప్పుడే సారుకు కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు తెర వైపు చూడవద్దన్నారు డాక్టర్లు. "నేను చూసుకుంటాలే సార్," అన్నాను. చూసుకుంటూ చూసుకుంటూ ఆ 'గడిలేనివి' మీద కన్ను పడింది. దానికోసం కోడులో మెలికలు ఎక్కువ, వేగం తక్కువ. చెత్తంతా మోస్తున్నాం అనిపించింది. మొత్తం పీకేశాను. తెలియని లైను వస్తే పారేయడమే. కోడు నున్నగా అయింది, వేగం పెరిగింది. నా పనికి నేనే మురిసిపోయాను.

సారు ఇంటికి పోయి చెప్పాను. కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని మంచం మీద పడుకుని ఉన్నారు. "ఏం చేసినావో చదువు," అన్నారు. "కొంచెం శుభ్రం చేశాను సార్, వేగంగా పోతోంది," అన్నాను. లైన్లు పారేస్తున్నానని చెప్పలేదు. చెబితే వద్దంటారని నాకు తెలుసు, తెలిసే చెప్పలేదు. చీటీలో పైనుంచి ఏ లైన్లు ఉండాలో ఆయన నోటితో చెబితే నేను టైపు చేశాను. "సరే, పంపు," అన్నారు. పంపాను.

అనంతపురంలోనే చీనీ, అంటే బత్తాయి తోటలకు డ్రిప్పు పెట్టి, నీళ్లు దానంతటదే వదిలి దానంతటదే ఆపే డబ్బాలు బిగించే చిన్న షాపు ఒకటి ఉంది. వాళ్లు సారు లైబ్రరీనే వాడేవాళ్లు. వాల్వు నడిపే ప్యాకేజీ ఎవరో దూరపు మనిషి రాసింది. అతను కొత్త వెర్షన్ చీటీలో, ఏ పద్ధతిలోనూ లేని ఒక లైను తన సొంతంగా చేర్చాడు. పెద్ద మోటార్లకు ఈ వెర్షన్ వద్దు, ఒక్కోసారి వాల్వు మూసుకోదు అని. పాత లైబ్రరీ అయితే ఆ లైనును డబ్బా బిగించేవాళ్ల తెర మీద చూపించేది. నా నున్నని లైబ్రరీ దాన్ని పారేసింది.

పామిడి దగ్గర ఒక రైతు తోటలో ఆ డబ్బా బిగించారు. ఆయన మరుసటి రోజు బంధువుల పెళ్లికి పోయాడు. తిరిగి వచ్చేసరికి వాల్వు తెరుచుకునే ఉంది. వేసవికని నల్ల పట్ట పరిచి కుంటలో నిలవపెట్టుకున్న నీళ్లన్నీ ఒకే వరస చెట్ల కిందికి పారి, అటు నుంచి వంకలోకి పోయాయి. ఆ తోటకు ఉన్నది ఒకే బోరు, అదీ దగ్గుతూ దగ్గుతూ పోసేది.

షాపువాళ్లు సారుకు ఫోన్ చేశారు. సారు నన్ను పిలిచారు. ఏం చేశావని అడగలేదు. "పాత కోడు, కొత్త కోడు రెండూ అచ్చు తీసుకోని రా," అన్నారు. కంటి గుడ్డ అప్పటికి విప్పేశారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, వేలు పెట్టుకుంటూ చదివారు. 'గడిలేనివి' ఉండాల్సిన చోటికి వచ్చి వేలు ఆగింది. చాలాసేపు ఆ వేలు అక్కడే ఉంది. నాకు నేల బద్దలై లోపలికి పోతే బాగుండనిపించింది.

"దిద్దు," అన్నారు. అక్కడే కూర్చుని దిద్దాను. దిద్దాక బయటికి పంపింది, చీటీ రాసింది ఆయనే. అప్పుడు లేచి చొక్కా వేసుకున్నారు. "ఫైల్లో దిద్దితే సగమే అయింది పాపా. మనిషి కాడికి పోయి చెప్పల్ల. రా, పామిడి బస్సు ఉంటాది," అన్నారు.

ఆ బస్సు ప్రయాణంలో నేను చచ్చి బతికాను. సారు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. తోట దాకా ఆటోలో పోయి, గట్టు మీద నడిచాం. రైతు కుంట ఒడ్డున ఉన్నాడు. కుంట అడుగున పట్ట మడతల్లో కొంచెం బురద మిగిలి ఉంది.

"అన్నా, ఆ డబ్బాలో చీటీ చదివే ముక్క మాది. తప్పు మాది. అది చెప్పిపోదామని వచ్చినాం," అన్నారు సారు.

రైతు ఆయన్ను ఎగాదిగా చూశాడు. "మీ చీటీ ఏందో నాకు తెలీదు సార్. మూసుకోకపోవచ్చు అని ఒక్క మాట చెప్పింటే నేను పెండ్లికి పోయేటోన్నే కాదు. ఈడే కూసోని చేత్తో కట్టేసేటోన్ని. ఒక్క మాట సార్," అన్నాడు.

"ఆ మాట పారేసింది నేనే అన్నా," అన్నాను. ఎలా అన్నానో తెలీదు.

"నువ్వా? యా ఊరు మీది?"

"శింగనమల."

"అంత పెద్ద చెరువు కింద పుట్టినదానివి. బోరు నీళ్ల సంగతి నీకేం తెలుస్తాది," అన్నాడు.

మా చెరువు నిండి ఉండగా చూసిన ఏళ్ల కన్నా బీటలు వారి చూసిన ఏళ్లే ఎక్కువ అని చెప్పాలనుకున్నాను. కానీ అతను తప్పు మాట్లాడలేదు. తెలిసుండీ పారేశాను, తెలియనివాళ్ల కన్నా హీనం కదా.

తిరుగు బస్సులో చెప్పేశాను. "సార్, ఆ లైన్లు తీసేస్తాండానని మీకు కావాలనే చెప్పలేదు."

సారు చేతిలో బస్సు టికెట్టు ఉంటే దాన్ని తిప్పి వెనకవైపు చదువుకున్నారు. తర్వాత, "నేను అడగల్ల కదా. అడగలేదు," అన్నారు. తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదో!

ఆ ఎండాకాలం ప్రతి ఆదివారం మేమిద్దరం ఆ తోటకు పోయాం. పక్క తోటవాళ్లు వాళ్ల బోరు కింద డ్రమ్ములు నింపుకోనిచ్చారు. రైతు బండి మీద డ్రమ్ము తెస్తే, సారు పైపు పట్టుకునేవారు, నేనూ రైతు భార్యా బిందెలతో చెట్టు చెట్టుకూ పోసేవాళ్లం. మొదటి రెండు వారాలు ఆమె నాతో మాట్లాడలేదు. మూడో వారం, "కొంగు దోపుకో మ్మే, తడుస్తాది," అంది. నాకు అక్కడే ఏడుపొచ్చింది. గట్టు పక్క వరస ఎంత పోసినా దక్కలేదు, ఆ చెట్లు ఎండిపోయాయి. మిగతావి నిలబడ్డాయి. ఆ తర్వాత ఏటా కాపు దిగినప్పుడు ఒక సంచి చీనీకాయలు సారు ఇంటికి వచ్చేవి. సారు ఆ సంచిని కూడా తిప్పి తిప్పి చూసేవారు. "దీనికి చీటీ లేదు పెద్దమ్మా, సారు తినరు," అని నేను ఏడిపించేదాన్ని.

ఆ సంగతి తర్వాత నేను మారానని చెప్పుకోను. పొగరు కొంచెం తగ్గింది, ఉద్యోగం అదే, నోరు అదే. కానీ ఒకటి మాత్రం ఉండిపోయింది. ఆ తప్పు దిద్దిన వెర్షన్ చీటీని నేను ఎప్పుడూ తెరవలేదు. దాని కింద సారు ఏదో ఒకటి రాసి ఉంటారని తెలుసు. అలాంటి నాయన కొడుకు, రాయకుండా ఉండరు. నా పేరు రాసి ఉంటారు, రాయాల్సిందే, అది న్యాయం. అయినా నా పేరును తప్పు అన్న మాట పక్కన చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఆ వెర్షన్ నంబరు ఎక్కడైనా కనబడితే కళ్లు పక్కకు తిప్పుకునేదాన్ని.

ఇప్పుడు ఈ మధ్య సంగతి. సారు పోవడానికి కొన్ని రోజుల ముందు ఒక ఉత్తరం వచ్చింది. లైబ్రరీని అందరికన్నా ఎక్కువగా వాడే వేరే దేశపు జట్టు ఒకటి ఉంది, వాళ్ల నుంచి. మర్యాదగానే రాశారు. ఆ 'గడిలేనివి' మాకు అడ్డు, మావాళ్లకు అక్కర్లేని మాటలు తెర నిండా వస్తున్నాయి, తీసేయండి, లేదా మేమే వేరే లైబ్రరీ రాసుకుంటాం అని. వాళ్లు పోతే మాది వాడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగులుతారు. సారు జన్మంతా చేసిన పని ఒక మూల పడి ఉంటుంది. నాకు భయమేసింది.

ఫోన్ చేసి ఉత్తరం చదివి వినిపించాను. "నువ్వేమనుకుంటాండావు?" అన్నారు.

"ఒప్పుకుంటే మేలేమో సార్. లేకపోతే లైబ్రరీనే మిగలదు," అన్నాను. ఇంత జరిగాక కూడా ఆ మాట అన్నది నేనే.

"ఆదివారం రా పాపా, మాట్లాడుకుందాం," అన్నారు. శుక్రవారం పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నారు.

ఆ శుక్రవారం వాళ్లింటి ముందు షామియానా కింద కాలేజీవాళ్లు, ధర్మవరం చుట్టాలు, ఉగ్గాణి అన్న అందరూ ఉన్నారు. మధ్యాహ్నానికి పామిడి రైతు వచ్చాడు. దండ వేసి, నా పక్కన వచ్చి నిలబడ్డాడు. "ఆ పొద్దు ఆయప్ప రాకపోయింటే నేను ఇప్పటికీ షాపోల్లనే తిట్టుకుంటా ఉందును," అన్నాడు. "తప్పు మాది అని ఇంటికాడికి వచ్చి చెప్పేటోల్లు ఎవురుంటారు పాపా? నాకు తెలిసి ఈయన ఒక్కడే." నేను తల వంచుకున్నాను. ఆ మాట పారేసింది నేనని అతనికి తెలుసు, సారుకు చెప్పకుండా పారేశానని తెలియదు. మూసుకోకపోవచ్చు అన్న ఆ ఒక్క మాట అతనికి చేరకుండా ఆపిన చేతులు నావి. మళ్లీ అదే పని చేద్దామని సారుకు సలహా ఇచ్చింది కూడా నేనే.

కర్మలన్నీ అయ్యాక ఒక పొద్దున పెద్దమ్మ రమ్మంది. సారు బల్ల దగ్గర కుర్చీ లాగి, "ఆయన పని ఏమన్నా నిలిచిపోయి ఉంటే చూడు పాపా," అని లోపలికి పోయింది. బల్ల మీద పెన్సిలు, ఒక కాగితం ఉన్నాయి. కాగితం మీద కొత్త వెర్షన్ చీటీ సగం రాసి ఉంది. పేరు, నంబరు, రాసినవాళ్లు. కింద ఖాళీ.

చిన్న చిన్న దిద్దుబాట్లు చేసి ఉంచాం, ఆ వెర్షన్ బయటికి పోవాలి. చీటీ రాసే మనిషి లేరు. నేనే రాయాలి, నాకు రాయడం రాదు. ఇన్నేళ్లలో ఒక్కటి కూడా రాయలేదు. ఆయన ఎలా రాసేవారో చూద్దామని పాతవి ఒక్కొక్కటే తెరుస్తూ వెనక్కి పోయాను. పోగా పోగా ఆ వెర్షన్ వచ్చింది. కళ్లు తిప్పుకోబోయి, తిప్పుకోలేదు. వంటింట్లో పెద్దమ్మ గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. తెరిచాను.

మామూలు లైన్లన్నీ ఉన్నాయి. చివర ఇంగ్లీషులో ఒకటి, దాని కిందే తెలుగులో అదే మాట:

'దీని ముందు పంపిన వెర్షన్ వాడొద్దు. తెలియని లైన్లను పారేస్తుంది. చూడకుండా పంపినాను, తప్పు నాది. సరిచేసింది మా పాప.'

నేను ఎన్నిసార్లు చదివానో తెలీదు. పెద్దమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా ఏడుస్తున్నానని కూడా నాకు తెలియలేదు. సారు పోయిన రోజు రాని ఏడుపు అది. ఇన్నేళ్లు నేను ఏ పేరు చూడటానికి భయపడ్డానో ఆ పేరు అక్కడ లేదు. తప్పు తన మీద వేసుకుని, దిద్దిన పుణ్యం నాకు రాశారు. జీవితంలో పొట్లం వెనక అక్షరం కూడా వదలకుండా చదివిన మనిషి, చీటీలో ఎప్పుడూ అబద్ధం రాయని ఇంట్లో పుట్టిన మనిషి, నాకోసం సగం నిజమే రాశారు. ఒకసారి బయటికి పంపిన వెర్షన్ చీటీని ఎవరూ మార్చలేరు. అది అలాగే ఉంటుంది, ప్రపంచం ఉన్నంతకాలం.

పెద్దమ్మ తెర వైపు చూసి, "ఏం రాసినారు?" అంది. చదివి వినిపించాను. "ఊ," అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఆయన ఉంటే ఆదివారం నీకేం చెప్పింటారో నాకు తెలీదు పాపా. నీకు తెలుసు కదా," అంది.

తెలుసు. ఉత్తరం రాసినవాళ్లకు జవాబు ఆ కుర్చీలోనే కూర్చుని రాశాను. తీసేయడం కుదరదు, మీకు అర్థం కాని లైను మీకోసం రాసింది కాకపోవచ్చు, కానీ ఎవరికోసమో రాసిందే అని. పామిడి కుంట సంగతి కూడా రాశాను. వాళ్లు కృతజ్ఞతలు చెప్పి, మేము వేరేది రాసుకుంటామన్నారు. పోనీ. మిగిలిన కొద్దిమందిలో ఆ డ్రిప్పు షాపు ఒకటి ఉంది, నాకు చాలు.

ఆ తర్వాత సారు పెన్సిలు తీసుకున్నాను. 'రాసినవాళ్లు' అన్నచోట ఆయన పేరు అలాగే ఉంచాను. 'ఇప్పుడు చూసుకుంటున్నవారు' అన్నచోట, ఇన్నాళ్లూ ఆయన పేరు ఉండే చోట, నాది రాశాను. కింద ఖాళీలో ఇంకొక లైను రాశాను. పైకి ఒకసారి చదువుకున్నాను. టైపు చేశాను.

పంపేముందు ఎప్పుడూ చేసే పరీక్ష ఒకటుంది. లైబ్రరీ చీటీని దానిచేతే చదివించడం. నడిపాను. పేరు దాని గడిలో పడింది. నంబరు దాని గడిలో పడింది. సారు పేరు, నా పేరు, షరతులు ఒక్కొక్కటే వాటి వాటి గడుల్లో కూర్చున్నాయి. చివర 'గడిలేనివి' అని వచ్చింది, దాని కింద నేను రాసిన లైను, ఒక్క అక్షరం మారకుండా:

'ఆ తప్పు సారుది కాదు, నాది. ఆయనకు చెప్పకుండా చేసినాను.'

దానికది అర్థం కాలేదు. పారేయలేదు.